ఒక ఫైల్‌లో రాసిన ఫంక్షన్‌ని ఇంకో ఫైల్ నుంచి కాల్ చేయడం: సోమశిల పడవ టికెట్‌తో పీహెచ్‌పీ ఇంక్లూడ్

ఇవాళ్టి టాపిక్ వినడానికి చాలా చిన్నది. ఒక ఫైల్‌లో ఫంక్షన్ రాశాం, దాన్ని ఇంకో ఫైల్ నుంచి కాల్ చేయాలి. ఎలా? ఇంక్లూడ్ అని ఒక లైన్ రాస్తే అయిపోతుంది, దీనికి ఒక ఎపిసోడ్ ఎందుకు అనుకుంటున్నారు కదా. ఆ ఒక్క లైన్ దగ్గరే బీటెక్ మూడో సంవత్సరం పిల్లల నుంచి రెండేళ్ల ఎక్స్‌పీరియెన్స్ ఉన్నవాళ్ల దాకా ఇరుక్కుంటారు. కారణం కూడా చెప్తాను. మనకి ఎక్కడ చూసినా "ఇంక్లూడ్ అంటే కాపీ పేస్ట్ లాంటిది" అని నేర్పిస్తారు. సగం నిజం అది. మిగతా సగం ఏంటో తెలియకపోతే కోడ్ ఎర్రర్ ఇవ్వకుండానే తప్పు లెక్క చెప్తుంది. అదీ అసలు భయం.

ట్రాన్స్‌క్రిప్ట్ చదివేవాళ్లకి స్క్రీన్ కనపడదు కాబట్టి కోడ్‌ని నోటితో చెప్పుకుంటూ పోతాను. లాప్‌టాప్ లేదని ఆగిపోకండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్ ఉంటే చాలు. అందులో పీ కే జీ, స్పేస్, ఇన్‌స్టాల్, స్పేస్, పీ హెచ్ పీ అని కొట్టండి, పీహెచ్‌పీ వచ్చేస్తుంది. తర్వాత మీ ఫోల్డర్‌లోకి వెళ్లి పీ హెచ్ పీ, స్పేస్, మైనస్ పెద్ద ఎస్, స్పేస్, లోకల్‌హోస్ట్, కోలన్, 8000. అంతే, ఫోనే సర్వర్ అయిపోతుంది. క్రోమ్ తెరిచి అదే అడ్రస్ కొడితే మీ పేజీ కనపడుతుంది. ఈ బిల్ట్-ఇన్ సర్వర్ పీహెచ్‌పీ 5.4 నుంచి, అంటే 2012 నుంచి ఉంది. నేర్చుకోవడానికి బాగుంటుంది, అసలు సైట్ మాత్రం దీని మీద నడపకండి.

ఇగ ఉదాహరణ. మన సోమశిల తెలుసు కదా. నాగర్‌కర్నూల్ జిల్లా, కొల్లాపూర్ దగ్గర, కృష్ణ ఒడ్డున. శ్రీశైలం డ్యామ్ బ్యాక్‌వాటర్ అంతా అక్కడ సముద్రంలా పరుచుకుని ఉంటుంది. అవతలి గట్టు ఆంధ్రప్రదేశ్, నంద్యాల జిల్లా. మధ్యలో వంతెన కట్టడానికి 2022లో కేంద్రం ఒప్పుకుంది. మనకి ఇవాళ కావాల్సింది పడవ. ఆ పడవకి టికెట్ ఇచ్చే చిన్న పేజీ ఒకటి కడదాం. ముందే చెప్తున్నా, ఇది నిజంగా అక్కడ నడుస్తున్న సైట్ కాదు. టికెట్ 50 రూపాయలు, పడవకి 30 మంది అన్నది నేను ఊరికే అనుకున్న లెక్క. కాని 30 అనే అంకె మీద ఓ కన్నేసి ఉంచండి. పడవలో 31వ మనిషి ఎక్కాడంటే అది సాఫ్ట్‌వేర్ బగ్ అని నవ్వుకుని వదిలేసే విషయం కాదు.

మూడు ఫైళ్లు పెట్టుకుందాం. సెట్టింగ్స్ డాట్ పీహెచ్‌పీ, అందులో రేటు, పరిమితి. టికెట్ డాట్ పీహెచ్‌పీ, అందులో ఫంక్షన్లు. ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ, ఇది జనం చూసే పేజీ. ఫంక్షన్ పేర్లు నేను తెలుగులోనే పెట్టాను: టికెట్_మొత్తం, నిండిందా. అవును, నిజంగా తెలుగు అక్షరాలతోనే. పీహెచ్‌పీ దీనికి ఒప్పుకుంటుంది, ట్రై చేసి చూడండి. ఆఫీసులో మాత్రం ఇంగ్లిష్‌లోనే రాయండి, లేకపోతే మీ టీమ్‌లో వేరే రాష్ట్రం వాళ్లు మిమ్మల్ని కొడతారు.

ఫైళ్లు విడగొట్టడం ఎందుకో ఎక్కువ చెప్పను. రేటు 50 నుంచి 60 అయితే ఐదు పేజీల్లో మార్చాలా, ఒక చోట మార్చాలా? అంతే.

మొదటి ఎర్రర్‌కి వద్దాం. ఇండెక్స్ ఫైల్‌లో మొదటి లైన్‌లోనే టికెట్_మొత్తం ఫంక్షన్‌ని కాల్ చేసి, కింద ఐదో లైన్‌లో టికెట్ ఫైల్‌ని ఇంక్లూడ్ చేశారనుకోండి. "కాల్ టు అన్‌డిఫైన్డ్ ఫంక్షన్" అని ఎర్రర్ వస్తుంది. ఇక్కడ చాలామంది అడిగే డౌట్ ఒకటి ఉంది, మంచి డౌట్. "అన్నా, ఒకే ఫైల్‌లో ఉన్నప్పుడు ఫంక్షన్ కింద రాసి పైన కాల్ చేసినా పనిచేసింది కదా? ఇప్పుడేమైంది?"

పీహెచ్‌పీ ఒక ఫైల్‌ని తీసుకున్నప్పుడు రెండు దశలు ఉంటాయి. ముందు ఫైల్ మొత్తం చదువుకుని కంపైల్ చేస్తుంది. ఆ టైంలోనే, ఇఫ్ లోపలో ఇంకో ఫంక్షన్ లోపలో కాకుండా బయట మామూలుగా రాసిన ఫంక్షన్లన్నీ రిజిస్టర్ అయిపోతాయి. తర్వాత లైన్ బై లైన్ నడుపుతుంది. కాబట్టి ఒకే ఫైల్‌లో కింద ఉన్న ఫంక్షన్ పైనుంచి కనపడుతుంది. కాని ఇంక్లూడ్ అనేది రెండో దశలో జరిగే పని. ఇండెక్స్ ఫైల్ కంపైల్ అయ్యేటప్పుడు, ఐదో లైన్‌లో ఏ ఫైల్ ఉందో పీహెచ్‌పీ తెరిచి కూడా చూడదు. ఐదో లైన్ నడిచినప్పుడే టికెట్ ఫైల్ తెరుస్తుంది, కంపైల్ చేస్తుంది, నడుపుతుంది. అప్పుడే ఆ ఫంక్షన్ పుడుతుంది.

నిజంగా కాపీ పేస్ట్ అయ్యుంటే ఇది పనిచేయాలి కదా? చేయదు. అందుకే చెప్తున్నా, ఇంక్లూడ్ అంటే కాపీ కాదు, ఆ లైన్ దగ్గర ఆ ఫైల్‌ని నడపడం. సోమశిల నుంచి పడవలో సంగమేశ్వరం వెళ్తారు చూడండి. ఆ గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉంటుంది, ఎండాకాలం బ్యాక్‌వాటర్ తగ్గాక బయటపడుతుంది. గుడి ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. కాని మీరు వెళ్లిన రోజు నీళ్లు తగ్గకపోతే దర్శనం లేదు. మీ ఫంక్షన్ కూడా అంతే, డిస్క్ మీద ఫైల్‌లో భద్రంగా ఉంది. ఇంక్లూడ్ లైన్ నడవనంత వరకు పీహెచ్‌పీకి అది లేదు.

ఇంకో చిన్న పొరపాటు, దీన్ని త్వరగా చెప్పి వెళ్లిపోతా. ఇంక్లూడ్ చేసే ఫైల్ మొదట్లో కూడా పీహెచ్‌పీ ఓపెనింగ్ ట్యాగ్ ఉండాలి. అంటే లెస్ దాన్, క్వశ్చన్ మార్క్, పీహెచ్‌పీ. "ఇండెక్స్‌లో ఆల్రెడీ పెట్టాను కదా, అందులోకే వస్తుంది కదా" అనుకుని వదిలేస్తారు. మళ్లీ అదే కాపీ పేస్ట్ ఆలోచన. ప్రతి ఫైల్‌నీ పీహెచ్‌పీ హెచ్‌టీఎంఎల్ లాగానే చదవడం మొదలుపెడుతుంది. ట్యాగ్ లేకపోతే మీ ఫంక్షన్ కోడ్ అంతా పేజీ మీద అక్షరాల్లాగా ప్రింట్ అవుతుంది, ఫంక్షన్ మాత్రం పుట్టదు. ఆ ఫైల్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంటే అదీ స్క్రీన్ మీదికి వస్తుంది. కొంతమంది ఫైల్ పేరు చివర డాట్ పీహెచ్‌పీ బదులు డాట్ ఐఎన్‌సీ అని పెడతారు, పాత పుస్తకాల అలవాటు. సర్వర్‌కి ఆ ఎక్స్‌టెన్షన్ గురించి చెప్పకపోతే, ఎవరైనా ఆ ఫైల్ అడ్రస్ నేరుగా బ్రౌజర్‌లో కొడితే టెక్స్ట్ లాగా చేతికిచ్చేస్తుంది. డాట్ పీహెచ్‌పీ అనే పెట్టండి. ఇంకా మంచిది, అలాంటి ఫైళ్లని పబ్లిక్ ఫోల్డర్ బయటే ఉంచండి.

ఇప్పుడు అసలు కథ. ఫోన్ పక్కన పెట్టకండి, ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి.

సెట్టింగ్స్ ఫైల్‌లో డాలర్ పరిమితి ఈక్వల్ టు 30 అని రాశాం. టికెట్ ఫైల్‌లో నిండిందా అనే ఫంక్షన్ రాశాం. దానికి ఇప్పటిదాకా ఎక్కినవాళ్ల సంఖ్య ఇస్తాం. లోపల ఒకటే లైన్: ఎక్కినవాళ్లు, మూడు ఈక్వల్‌లు, డాలర్ పరిమితి అయితే ట్రూ, లేకపోతే ఫాల్స్. ఇండెక్స్‌లో మొదట సెట్టింగ్స్ ఇంక్లూడ్ చేశాం, తర్వాత టికెట్ ఇంక్లూడ్ చేశాం, తర్వాత నిండిందా అని అడిగాం. ఆర్డర్ కరెక్టే. ట్యాగ్‌లు ఉన్నాయి. ఫైళ్లు దొరికాయి. ఎక్కినవాళ్లు 30. జవాబు ఏం వస్తుంది?

ఫాల్స్. నిండలేదట. 31వ వాడికి టికెట్ ఇస్తుంది. 40వ వాడికి ఇస్తుంది. ఆ పడవ ఎప్పటికీ నిండదు.

ఎందుకు? పీహెచ్‌పీలో ఫంక్షన్లకి ఒక రూల్, వేరియబుల్స్‌కి ఇంకో రూల్. ఇంక్లూడ్ చేసిన ఫైల్‌లో ఉన్న ఫంక్షన్ గ్లోబల్. ఎక్కడ ఇంక్లూడ్ చేసినా సరే, ఆ తర్వాత ప్రోగ్రాంలో ఎక్కడినుంచైనా కాల్ చేయొచ్చు. కాని వేరియబుల్ అలా కాదు. ఇంక్లూడ్ లైన్ ఎక్కడ ఉందో, ఆ చోటు స్కోప్‌లో అది ఉంటుంది. డాలర్ పరిమితి బయట, ఇండెక్స్ పేజీ స్థాయిలో పుట్టింది. నిండిందా ఫంక్షన్ లోపలికి అది రాదు. పీహెచ్‌పీ ఫంక్షన్లు బయటి వేరియబుల్స్‌ని తమంతట తాము చూడవు. జావాస్క్రిప్ట్ చూస్తుంది, పైథాన్ చదవనిస్తుంది, పీహెచ్‌పీ చూడదు. ఆ రెండిటి నుంచి ఇటు వచ్చినవాళ్లు ఇక్కడే పడతారు. కాబట్టి ఫంక్షన్ లోపల డాలర్ పరిమితి అంటే ఎవరూ ఇవ్వని కొత్త వేరియబుల్, విలువ నల్. 30 మూడు ఈక్వల్‌లు నల్? కాదు. ఫాల్స్. అంతే.

మరి ఎర్రర్ రాదా? వస్తుంది, కాని అది వార్నింగ్ మాత్రమే. పీహెచ్‌పీ 8 నుంచి వార్నింగ్, అంతకుముందు నోటీస్, ఇంకా చిన్నది. ప్రోగ్రాం ఆగదు. మీ ఫోన్‌లో ఆ వార్నింగ్ మామూలుగా పేజీ మీదే కనపడుతుంది. అదే హోస్టింగ్‌లో పెట్టాక, జనానికి ఎర్రర్లు కనపడకూడదని డిస్‌ప్లే ఎర్రర్స్ ఆఫ్ చేస్తారు, చేయాలి కూడా. అప్పుడు వార్నింగ్ ఎక్కడో లాగ్ ఫైల్‌లో పడుతుంది. లాగ్ ఎవరు చూస్తారు చెప్పండి?

ఇక్కడ ఒక తమాషా ఉంది. మూడు ఈక్వల్‌ల బదులు గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్ టు పెట్టామనుకోండి. నల్‌తో పోల్చినప్పుడు పీహెచ్‌పీ రెండు వైపులనీ ట్రూ, ఫాల్స్ కింద మార్చి చూస్తుంది. అప్పుడు ఒక్కరు కూడా ఎక్కకముందే "నిండిపోయింది" అంటుంది. ఖాళీ పడవ, టికెట్లు లేవు! నన్నడిగితే ఇదే మేలు. పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి తిడతారు, మీరు సరిచేస్తారు. మొదటిదాంట్లో ఎవరూ తిట్టరు, అందరూ సంతోషంగా టికెట్ తీసుకుని ఎక్కేస్తారు. ఎలాగూ గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్ టు పెట్టడమే కరెక్ట్. ఒక కుటుంబం ఒకేసారి మూడు టికెట్లు తీసుకుంటే లెక్క 29 నుంచి 32కి దూకేస్తుంది, సరిగ్గా 30 దగ్గర ఆగదు కదా.

సరే, దీన్ని సరిచేయడానికి చాలామంది చేసే పని ఏంటంటే, ఇంక్లూడ్ లైన్‌ని తీసుకెళ్లి ఫంక్షన్ లోపలే పెట్టేస్తారు. "వేరియబుల్ ఇంక్లూడ్ ఉన్న చోటు స్కోప్‌లో ఉంటుంది అన్నావు కదా, మరి లోపలే ఇంక్లూడ్ చేస్తే లోపలే ఉంటుంది." లాజిక్ కరెక్ట్. పైగా మళ్లీ మళ్లీ లోడ్ అవకూడదని రిక్వైర్ వన్స్ అని పెడతారు. టెస్ట్ చేస్తారు. 30 ఇస్తే నిండింది అంటుంది. సూపర్, పనైపోయింది అని ఇంటికి పోతారు.

ఇప్పుడు అదే పేజీలో రెండు పడవలు చూపించాలి. పొద్దున పడవ, సాయంత్రం పడవ. నిండిందా ఫంక్షన్‌ని రెండుసార్లు కాల్ చేస్తాం. రెండిటిలోనూ 30 మంది ఉన్నారు. పొద్దున పడవకి నిండింది అని వస్తుంది. సాయంత్రం పడవకి నిండలేదు అని వస్తుంది. అదే ఫంక్షన్, అదే 30! వన్స్ అంటే ఈ రిక్వెస్ట్‌లో ఒక్కసారే అని అర్థం. మొదటి కాల్‌లో సెట్టింగ్స్ ఫైల్ నడిచింది, డాలర్ పరిమితి ఆ కాల్ లోపల పుట్టింది, ఫంక్షన్ ముగియగానే పోయింది. రెండో కాల్‌లో "ఈ ఫైల్ ఆల్రెడీ లోడ్ చేశాను" అని పీహెచ్‌పీ దాన్ని నడపలేదు. మళ్లీ నల్. ఇలాంటి బగ్ ముందు కూర్చుంటే తెల్లారిపోతుంది, ఎందుకంటే ఒక్కదాన్ని టెస్ట్ చేస్తే ఎప్పుడూ పాస్ అవుతుంది.

వన్స్ అనేది ఫంక్షన్లు ఉన్న ఫైళ్లకి బాగుంటుంది, ఫంక్షన్ ఒకసారి పుడితే చాలు కాబట్టి. వేరియబుల్స్ ఉన్న ఫైల్‌కి, అదీ ఫంక్షన్ లోపల, పెట్టకండి.

మరి సరైన దారి? నాకు నచ్చిన వరసలో చెప్తాను. మొదటిది, పరిమితిని కూడా పారామీటర్‌గా ఇవ్వండి. నిండిందా, బ్రాకెట్‌లో ఎక్కినవాళ్లు, పరిమితి. రెండిటి ముందూ ఇంట్ అని టైప్ రాయండి. ఇప్పుడు సెట్టింగ్స్ ఫైల్ ఏదో కారణంతో లోడ్ అవలేదనుకోండి, పరిమితి నల్ అవుతుంది, ఇంట్ అడిగిన చోట నల్ ఇస్తే పీహెచ్‌పీ టైప్ ఎర్రర్ అని అక్కడే ఆపేస్తుంది. టికెట్ ఇవ్వదు. మనకి కావాల్సింది అదే.

రెండోది, కాన్‌స్టంట్. సెట్టింగ్స్‌లో కాన్స్ట్ పరిమితి ఈక్వల్ టు 30 అని, డాలర్ లేకుండా. కాన్‌స్టంట్‌లు ఫంక్షన్లలాగే లోపలా బయటా అన్నిచోట్లా కనపడతాయి. ఫైల్ లోడ్ అవకపోతే పీహెచ్‌పీ 8లో ఎర్రర్‌తో ఆగిపోతుంది. పాత వెర్షన్లలో ఆగేది కాదు, ఆ పేరునే స్ట్రింగ్ అనుకుని ముందుకు పోయేది. ఊహించుకోండి, 30 మందిని "పరిమితి" అనే మాటతో పోల్చడం!

మూడోది చాలామందికి తెలియదు. ఇంక్లూడ్ చేసిన ఫైల్ రిటర్న్ కూడా చేయగలదు. సెట్టింగ్స్ ఫైల్‌లో వేరియబుల్స్ ఏమీ పెట్టకుండా, రిటర్న్ అని రాసి ఒక అర్రే ఇచ్చేయండి. ఇండెక్స్‌లో డాలర్ సెట్టింగ్స్ ఈక్వల్ టు రిక్వైర్, ఆ ఫైల్ పేరు. అంతే, ఎక్కడినుంచి ఏమొచ్చిందో కళ్ల ముందు కనపడుతుంది. లారవెల్ కాన్ఫిగ్ ఫోల్డర్ తెరిచి చూడండి, ప్రతి ఫైలూ ఇలాగే రిటర్న్‌తో అర్రే ఇస్తుంది. ఇక్కడ కూడా వన్స్ పెట్టకండి, రెండోసారి అర్రే బదులు ఉత్త ట్రూ వస్తుంది.

గ్లోబల్ అనే కీవర్డ్ ఉంది కదా అంటారు. ఉంది, పనిచేస్తుంది. ఫంక్షన్ లోపల గ్లోబల్ డాలర్ పరిమితి అని రాస్తే బయటిది కనపడుతుంది. కాని ఆ ఫైల్‌ని ఎవరైనా ఇంకో ఫంక్షన్ లోపల ఇంక్లూడ్ చేస్తే అప్పుడది గ్లోబల్ కాదు, మళ్లీ నల్. అందుకే నాకు నచ్చదు.

ఇంక్లూడ్, రిక్వైర్ తేడా ఇంటర్వ్యూల్లో అడుగుతారు, అందరూ బట్టీ కొట్టి చెప్తారు. ఫైల్ దొరక్కపోతే ఇంక్లూడ్ వార్నింగ్ ఇచ్చి ముందుకు పోతుంది, రిక్వైర్ ఆపేస్తుంది. కాని ఎప్పుడు ఏది వాడాలి అంటే నీళ్లు నములుతారు. నా లెక్క ఇది: ఆ ఫైల్ లేకుండా పేజీ నడవడం తప్పు అయితే రిక్వైర్. పండగ శుభాకాంక్షల బ్యానర్ అయితే ఇంక్లూడ్. పడవ పరిమితి బ్యానర్ కాదు. నేనైతే పదిలో తొమ్మిదిసార్లు రిక్వైరే వాడతాను.

తర్వాత "కెనాట్ రీడిక్లేర్". ఇండెక్స్ టికెట్ ఫైల్‌ని తెచ్చింది. రసీదు అని ఇంకో ఫైల్ ఉంది, అదీ లోపల టికెట్ ఫైల్‌ని తెచ్చింది. ఇండెక్స్ రసీదునీ తెచ్చింది. అంటే టికెట్ ఫైల్ రెండుసార్లు వచ్చింది, ఒకే ఫంక్షన్ రెండుసార్లు పుట్టబోయింది. పీహెచ్‌పీలో ఒకసారి పుట్టిన ఫంక్షన్‌ని తీసేయడం, తిరగరాయడం కుదరదు. ఫేటల్ ఎర్రర్. దీనికి మందు రిక్వైర్ వన్స్, ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

కాని వన్స్ చూసేది ఫైల్‌ని, ఫంక్షన్ పేరుని కాదు. టికెట్_పాతది డాట్ పీహెచ్‌పీ అని ఒక కాపీ పక్కన ఉంచుకుంటాం కదా మనం, అందరి ఫోల్డర్లలో ఉంటుంది, అబద్ధం చెప్పకండి. ఎవరో దాన్ని కూడా తెచ్చారనుకోండి, వన్స్ కాపాడదు, అవి వేరు వేరు ఫైళ్లు కాబట్టి. అప్పుడు కొంతమంది ఫంక్షన్ చుట్టూ "ఈ పేరుతో ఫంక్షన్ లేకపోతేనే రాయి" అని ఫంక్షన్ ఎగ్జిస్ట్స్ చెక్ పెడతారు. ఎర్రర్ పోతుంది. పోయింది ఎర్రర్ మాత్రమే, సమస్య కాదు. ఇప్పుడు ఏ ఫైల్ ముందొస్తే దాని రేటు నడుస్తుంది. పాత ఫైల్ ముందొస్తే జనం దగ్గర పాత రేటు తీసుకుంటుంది. వర్డ్‌ప్రెస్ ఈ పద్ధతిని కావాలనే వాడుతుంది, కొన్ని ఫంక్షన్లని ప్లగిన్లు తమవాటితో మార్చుకోవడానికి వీలుగా. వాళ్లకి ఆ ఆర్డర్ చేతిలో ఉంది. మనకి ఉందా? లేనప్పుడు ఫేటల్ ఎర్రర్‌నే రానివ్వండి, అది మన మంచికే అరుస్తోంది. ఆ పాత కాపీని డిలీట్ చేయండి, గిట్ నేర్చుకోండి.

ఇప్పుడు పాత్. ఫైల్ ఉంది, పేరు కరెక్ట్, అయినా "ఫెయిల్డ్ టు ఓపెన్" అంటుంది. శ్రీశైలం రిజర్వాయర్ నిండినప్పుడు పాత సోమశిల మునిగింది, గుళ్లని విప్పి పైన కట్టారు. ఇప్పుడు ఎవరైనా పాత రోజుల్లో చెప్పినట్టు "ఇక్కడినుంచి రెండడుగులు వెనక్కి, గుడి పక్కన" అంటే ఎక్కడినుంచి? చెప్పినవాడు నిలబడ్డ చోటు నుంచా, విన్నవాడు నిలబడ్డ చోటు నుంచా? డాట్ స్లాష్, డాట్ డాట్ స్లాష్ అని రాసే పాత్‌లు అచ్చం ఇలాంటివే. మీరు ఆ లైన్ రాసిన ఫైల్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్క అనుకుంటారు. పీహెచ్‌పీ మాత్రం కరెంట్ వర్కింగ్ డైరెక్టరీ నుంచి లెక్కేస్తుంది. వెబ్‌లో అయితే అది సాధారణంగా బ్రౌజర్ అడిగిన పేజీ ఉన్న ఫోల్డర్. టెర్మినల్‌లో అయితే మీరు కమాండ్ కొట్టిన ఫోల్డర్. అందుకే రసీదు ఫైల్ ఇండెక్స్ నుంచి పిలిస్తే పనిచేస్తుంది, అడ్మిన్ ఫోల్డర్‌లోని పేజీ నుంచి పిలిస్తే చేయదు.

మందు ఒక్కటే. అండర్‌స్కోర్ అండర్‌స్కోర్ డిర్ అండర్‌స్కోర్ అండర్‌స్కోర్, డిర్ పెద్ద అక్షరాల్లో. పీహెచ్‌పీ 5.3 నుంచి, అంటే 2009 నుంచి ఉంది. ఆ లైన్ ఏ ఫైల్‌లో ఉందో ఆ ఫైల్ ఫోల్డర్ పూర్తి అడ్రస్ ఇస్తుంది, ఎవరు పిలిచారన్నదానితో పనిలేదు. దానికి డాట్ పెట్టి, కోట్స్‌లో స్లాష్ టికెట్ డాట్ పీహెచ్‌పీ. నేను ప్రతి రిక్వైర్‌లోనూ ఇదే రాస్తాను, ఒకే ఫోల్డర్‌లో ఉన్నా సరే.

చివరగా రెండు అపోహలు. ఫ్రెండ్ సర్వర్‌లో మంచి ఫంక్షన్ ఉంది, దాని హెచ్‌టీటీపీ అడ్రస్‌ని ఇంక్లూడ్ చేసి కాల్ చేద్దాం అనుకుంటారు. రాదు. ఆ సర్వర్ ఆ ఫైల్‌ని అక్కడే నడిపేసి అవుట్‌పుట్ మాత్రమే పంపుతుంది. ఫంక్షన్ రాదు, మహా అయితే దాని మాటలు వస్తాయి. అసలు ఇలా ఇంక్లూడ్ చేసే సెట్టింగ్ డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, 7.4 నుంచి డెప్రికేటెడ్. అక్కడ అవుట్‌పుట్ బదులు నిజంగా పీహెచ్‌పీ కోడ్ వస్తే అది మీ సర్వర్ మీద నడుస్తుంది. మీ ఇంటి తాళం తెలియనివాడికి ఇచ్చినట్టే.

దీనికి తమ్ముడు లాంటిది ఇంకోటి. పేజీ పేరు అడ్రస్ బార్‌లో తీసుకుని, డాలర్ అండర్‌స్కోర్ గెట్‌లో ఏం వస్తే అది నేరుగా ఇంక్లూడ్‌కి ఇచ్చేయడం. చిన్న చిన్న కాలేజీ ప్రాజెక్టుల్లో కనపడుతూ ఉంటుంది. వచ్చినవాడు పేజీ పేరు బదులు డాట్ డాట్ స్లాష్‌లు పెట్టి సర్వర్‌లో వేరే ఫైళ్లు తెరుస్తాడు. లోకల్ ఫైల్ ఇంక్లూజన్ అంటారు దీన్ని. వాడు అడిగిన పేరుని ఎప్పుడూ ఇంక్లూడ్‌కి ఇవ్వకండి. మీ దగ్గర ఒక అర్రే పెట్టుకోండి, "టికెట్" అంటే ఈ ఫైల్, "రసీదు" అంటే ఈ ఫైల్. లిస్ట్‌లో లేకపోతే 404.

రెండో అపోహ, హెచ్‌టీఎంఎల్ బటన్ ఆన్‌క్లిక్‌లో పీహెచ్‌పీ ఫంక్షన్ పేరు రాయడం. బటన్ ఉన్నది జనం ఫోన్‌లో, ఫంక్షన్ ఉన్నది సర్వర్‌లో. పేజీ ఫోన్‌కి చేరేసరికి ఆ ఫంక్షన్ ముగిసిపోయి చాలాసేపైంది. మళ్లీ రిక్వెస్ట్ పంపాల్సిందే, ఫారంతో గాని ఫెచ్‌తో గాని.

ఇవన్నీ చూసి "పీహెచ్‌పీ ఎందుకింత వింతగా ఉంది" అనకండి. రాస్మస్ లెర్‌డార్ఫ్ 1995 జూన్‌లో దీన్ని బయటికి ఇచ్చినప్పుడు దాని పేరే పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్. సొంత పేజీ కోసం చేసుకున్న పనిముట్లు. హెడర్, ఫుటర్ ముక్కలు కలపడానికి ఇంక్లూడ్ అద్భుతం. పెద్ద ప్రోగ్రాంలో ఫంక్షన్లు పంచుకోవడానికి తర్వాత నేమ్‌స్పేస్‌లు వచ్చాయి, కంపోజర్ వచ్చింది. ఒక్క మాట, కంపోజర్ ఆటోలోడ్ క్లాస్‌లని అవసరమైనప్పుడు తనే వెతికి తెస్తుంది, ఫంక్షన్లని అలా తేలేదు. ఫంక్షన్ల ఫైళ్లని కంపోజర్ జేసన్‌లో ఫైల్స్ అనే చోట పేరుపేరునా రాయాలి. ఎందుకంటే పీహెచ్‌పీకి ఫంక్షన్ ఆటోలోడింగ్ లేదు.

మీకు హోమ్‌వర్క్. టెర్మక్స్‌లో ఈ మూడు ఫైళ్లు రాయండి. రెండు పడవల బగ్‌ని ముందు మీ చేత్తో తెప్పించండి, పొద్దున నిండింది, సాయంత్రం నిండలేదు అని రావాలి. తర్వాత పారామీటర్‌తో సరిచేయండి. ఆ తర్వాత సెట్టింగ్స్ ఫైల్ పేరు కావాలనే మార్చేసి చూడండి, ఇంక్లూడ్‌తో ఒకసారి, రిక్వైర్‌తో ఒకసారి, ఏ లైన్ దగ్గర ఆగుతుందో రాసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇవే ఫైళ్లకి నేమ్‌స్పేస్ పెట్టి, టికెట్_పాతదిని, కొత్తదాన్ని గొడవ లేకుండా పక్కపక్కన నడిపి చూపిస్తా. ఉంటాను మరి.